మూకుడు నీళ్లు

హత్నూర వైపు దొరికిందంటూ ఒక పరిశోధక విద్యార్థిని మొన్న అరచేయంత ఎండిన జుంటితుట్టె ఉన్న డబ్బాను నా బల్లమీద పెట్టి మూత తీయగానే, మైనం వాసనతో పాటు మా మేనత్త సాయవ్వ చీరకొంగు వాసన కూడా వచ్చినట్టయింది. చిన్న తేనెటీగలైన ఈ జుంటీగలు ఇంకా ఎక్కడెక్కడ మిగిలాయో, ఆ వైపు పెరిగినవాళ్లను అడుగుతూ, ఆ అమ్మాయి వెతుకుతోంది.

ఎనభైల చివర్లో, జిన్నారం దగ్గరి మా ఊళ్లో, వాటిని వెతకాల్సిన పనే లేదు. తంగేడు విరగబూసి, సీతాఫలాలు కళ్లు విచ్చి, ఇంటింటా బతుకమ్మకు మలీద ముద్దలు కడుతున్న రోజుల్లో పొదపొదకూ చిన్న తుట్టెలు వేలాడేవి. అత్త పిడక పొగ చూపి, కొమ్మను చుట్టుకున్న తేనె భాగం మాత్రమే కోసుకుని, ఈగపిల్లలున్న కింది తుట్టె ముక్కను పుల్లల మధ్య బిగించి చీరపేలికతో మళ్లీ కొమ్మకే కట్టేది. "పసిపిల్లల ఇల్లు కూల్చి మనం తేనె నాకాల్నా బిడ్డా?" అనేది.

ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు చాయ్ రంగుకు తిరిగి నురగ కక్కిన ఏడు, ఈగలు రాలడం మొదలైంది. ఊరు పోచమ్మకు యాటను కోసింది. అత్త మాత్రం రోజూ ఒడ్డున కూర్చుని చూసింది. వాగు నీళ్లు తాగినవే పడుతున్నాయని తేల్చుకుని, మా పెరటి సీతాఫలం చెట్టు తుట్టె కింద మట్టి మూకుడులో బావినీళ్లు పోసి, ఈగలు మునిగిపోకుండా గడ్డిపోచలు వేసింది. మిగతా తుట్టెలన్నీ ఎండిపోయినా అది బతికింది. సంబరం పట్టలేక బడిలో అందరికీ చెప్పింది నేనే.

మర్నాటి పొద్దున పెద్ద పటేల్ పదిమందితో వచ్చాడు. "ఊళ్లె ఈగలన్నీ సచ్చినంక నీయే ఎట్ల బతికినయే? బాణామతి గాకపోతే ఏంది గిది?"

"నీళ్లు వెట్టిన పటేలా. నాకు మంత్రమే వస్తే ముందుగాల నీ నోరు కట్టుదును గద!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పటేల్ కొడుకు అప్పటికే ఫ్యాక్టరీలో నౌకరీ చేస్తున్నాడు. వాగు మాట ఒక్కరూ ఎత్తలేదు. దేవతకు కోపమొచ్చిందని నమ్మడానికి ఆ ఊరికి సాక్ష్యం అక్కర్లేకపోయింది, కళ్లముందు ఎగురుతున్న సాక్ష్యాన్ని కాల్చడానికి మాత్రం కిరసనాయిలు దొరికింది. అత్త కట్టిన పేలికతో సహా తుట్టె కాలిపోయింది. మంత్రం పలకకుండా ఆమె పళ్లు ఊడగొట్టాలని ఎవరో అరిస్తే, మా నాయన పటేల్ కాళ్లు పట్టుకుని ఆపాడు. ఆ తర్వాత అత్త ఏ కొమ్మవైపూ తలెత్తి చూడలేదు.

ఇప్పుడా పెరట్లో కార్మికులకు కిరాయికిచ్చే గదులున్నాయి. పూసే పొద లేదు, తాగే బావి లేదు, అత్తా లేదు.

విద్యార్థిని ఒక కాగితం ముందుకు జరిపింది. జుంటీగలు కనుమరుగవడానికి కారణం: కాలుష్యం, పురుగుమందులు, పొదల నరికివేత. తగినదాని పక్కన గీత పెట్టమంది. మూడింటికీ పెట్టి, కింద మిగిలిన జాగాలో రాశాను: "బతికిన ఒక్కదాన్ని మా ఊరే కాల్చింది. ఎక్కడుందో చెప్పింది నేను."