మాట్లాడకుండ మోసిన మంచు

మా ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల డ్యూటీకి బయలెల్లుతుంటె ఆయన తమ్ముడు ఫోన్ చేసిండు. ఊరోళ్లంత కలిసి నాటిన మంచును చూద్దామని కొండెక్కుతుంటె గుండె ఆగిందట. ఇంకేమడగాల్నో తెల్వక, ఆ మంచు నిలిచిందా అని అడిగిన.

"ఎవరం చూడలే భాయ్. సగం దారిలనే పడిపోయిండు. అందరం కలిసి ఆయన్ని దించుకొచ్చినం" అన్నడు.

మంచు నాటుడేందని మీకు అనిపిస్తది. మొదట విన్నప్పుడు నాకూ అట్లనే అనిపించింది.

బహ్రెయిన్‌ల బుదైయా దిక్కు ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉంది. చేపల పడవలకు ఐసుగడ్డలు చేసి పంపుడు మా పని. నాది జగిత్యాల దిక్కు, ఆయనది కరాకోరం కొండల్ల ఒక ఊరు. నాకు పని నేర్పింది ఆయనే, అందుకే ఉస్తాద్ అనేటోణ్ని. చాయ్ కాడ ఆయన పక్కన కూసుంటె నవ్వి నవ్వి కడుపు నొయ్యాలె. కని భుజం మీద గడ్డ పడ్డదంటె నోరు మూతే. బండికి చేర్చేదాక ఉలకడు, పలకడు. మౌనవ్రతమా ఉస్తాద్ అని మేం గెలికినా, డ్రైవర్ యల్లా యల్లా, జల్ది కానీ అని మొత్తుకున్నా పలికేటోడు కాదు. గడ్డ దించినంక మాత్రం ఒక్కొక్కనికి వడ్డీతో సహా ఇచ్చేటోడు.

ఒక శుక్రవారం సెలవు నాడు నేను పట్టువట్టి అడిగితె చెప్పిండు. వాళ్ల దిక్కు మంచుల ఆడది, మగది ఉంటయట. రెండు చోట్ల నుంచి రెండు తీర్ల గడ్డలు గంపల్ల ఎత్తుకొచ్చి, ఎండ తగలని ఎత్తు మీద కలిపి పెట్టి, బొగ్గూ పొట్టూ కప్పుతరట. మోసేటోళ్లు మాట్లాడొద్దు, గంప నేల మీద పెట్టొద్దు. ఆ మంచు కరగకుండ నిలిస్తె ఏండ్లకు పెరిగి ఊరికి నీళ్లిస్తదట.

"మంచుకు సిగ్గెక్కువ రా. తొవ్వల లొల్లి చేస్తె అత్తగారింటికి రాదు" అన్నడు.

నేను నవ్విన. ఆయన నవ్వలే.

వాళ్ల కొండ మీద తాతల నాటి మంచు ఏటేటా కరిగి పైకి జరిగిపోతున్నదట. విత్తనాలప్పుడు కాలువల తడి ఉండదు. ఎండలు ముదిరినంక ఒక్కసారే బురదతోని దుంకొచ్చి కాలువనే పూడుస్తది. ఊరికి కరెంటిచ్చే చిన్న మిషన్ కూడ ఆ వాగు నీళ్లతోనే తిరగాలె. నీళ్లు తగ్గితె బల్బు ఆరిపోయే అగ్గిపుల్ల లెక్క ఎర్రగ వెలుగుతది. ఇంటికి ఫోన్ చేస్తె మంచీచెడు కంటె ముందు "మిషన్ తిరుగుతుందా?" అని అడిగేటోడు. మా దిక్కు బోరెండితె ఇంకింత లోతుకు దింపుతం. వాళ్లేమో నీళ్ల కోసం ఇంకింత పైకి పోవాలె. పైన కొండ ఎంతదాక ఉంటది?

కొడుకులు ఊరిడిసి పోదామంటున్నరని ఒకసారి చెప్పిండు. "మంచు నిలిస్తె వాళ్లు ఆగుతరు. లేకుంటె ఊరు ఖలాస్" అన్నడు. పోయిన చలికాలం ముందు నౌకరి ఇడిసిపెట్టి, ఆ పని మీదనే ఊరికి పోయిండు. "గంప నేనే మోసిన. దగ్గు కూడ ఆపుకున్న రా" అని వాయిస్ పెట్టిండు. ఆ సంబరం ఇంకా నా ఫోన్‌ల ఉంది. మళ్ల వినే ధైర్యం లేదు.

ఇక్కడ మేం సముద్రం నీళ్లతోని చేసిన మంచినీళ్లను రోజూ టన్నులకొద్ది గడ్డ కట్టిస్తం. ఆయన ఊరికి ఒక్కటి చేరదు. చేరినా ఏమైతది? ఏం చేయాల్నో నాకు తెల్వదు, నిజంగనే తెల్వదు.

ఉస్తాద్ సంగతి పొద్దుగాలనే అందరికీ తెలిసింది. ఇయ్యాల మాట్లాడొద్దని ఎవరూ ఎవరికీ చెప్పుకోలే. కని పని నడిచినంత సేపు గడ్డ మోసేటోడు ఎవడూ నోరు తెరవలే. డ్రైవర్ కూడ యల్లా అనలే. ఆఖరి గడ్డ నాది. బండి కాడికి పోయి నిలబడ్డ. ఎండకు గడ్డ కరిగి నీళ్లు నా వీపు పొంటి కారుతున్నయి. దించబుద్ధి కాలే.

"దించు భాయ్, కరిగిపోతుంది" అన్నడు డ్రైవర్.

గడ్డ ఇంకా నా భుజం మీదనే ఉంది. నేను పలకలే.