బోణీ బేరంలో లాప్‌టాప్

ఈ రోజు నేనొక తప్పు చేశాను. చూసి రమ్మంటే కొనుక్కొచ్చాను. కొన్నది నాకోసం కాదు, నా డబ్బుతో కాదు, కొనమని ఎవరూ చెప్పనూ లేదు. పైగా కొన్నాక రెండు గంటలసేపు నా అంత మొనగాడు బెజవాడలో లేడనుకున్నాను. ఆ రెండు గంటలూ తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, నవ్వూ వస్తోంది. రెండూ ఆరిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

మేముండేది మంగళగిరిలో. నాకు బెజవాడ వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టుంది. మా ఆవిడ నేతపనివాళ్ల ఇంటి ఆడపడుచు. చీర అంచులకి డిజైన్లు గీస్తుంది. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతే, ఆ గడుల లెక్క ప్రకారం అట్టలకి చిల్లులు కొట్టించి మగ్గానికి ఎక్కిస్తారు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. ఇప్పుడు కాగితం ఇస్తే ఎవరూ తీసుకోవడం లేదు, కంప్యూటర్లో గీసిన ఫైలు పంపమంటున్నారు. ఆవిడ అదీ నేర్చుకుంది, పక్కింటివాళ్ల పాత కంప్యూటర్ మీద. కాస్త పెద్ద డిజైను తెరిస్తే చాలు, అది భోజనం చేసిన పెద్దమనిషిలా కళ్లు మూసుకుంటుంది. పోయిన వారం ఒక చేనేత సంఘంవాళ్లు ఆరు అంచులు అడిగారు. సోమవారానికి ఇవ్వాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. ఈవేళ గురువారం.

ఆవిడ డిజైన్ల మీద కూడబెట్టుకున్నది యాభై వేలు మా ఇద్దరి పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో ఉంది. అందులోనే లాప్‌టాప్ రావాలి, వచ్చింది కొన్నేళ్లపాటు మొరాయించకుండా పనిచెయ్యాలి. నెల రోజులు వీడియోలు చూసి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, తనకేం కావాలో ఒక గళ్ల కాగితం వెనకాల రాసుకుంది. మెమరీ పదహారు జీబీ ఉండాలి, లేదంటే తర్వాత వేయించుకోవడానికి లోపల ఖాళీ ఉండాలి. తెర అద్దంలా మెరవకూడదు, రంగుని రంగులా చూపించాలి. సర్వీసు సెంటరు బెజవాడలోనే ఉండాలి. బరువు ఎంతున్నా ఫర్వాలేదు. ఆ కాగితం నా జేబులో పెట్టి, కొట్టుకి వెళ్తూ ధరలు కనుక్కోమంది. సాయంత్రం నాలుగింటికి తనొచ్చి చూసుకుంటానంది. కొనవద్దని రెండుసార్లు చెప్పింది. నా సంగతి తెలిసినది కాబట్టి రెండోసారి నా మొహంలోకి చూసి మరీ చెప్పింది.

ఏలూరు రోడ్డులో ఆ షాపు దగ్గరికి నేను వెళ్లేసరికి షట్టరు అప్పుడే పైకి లేస్తోంది. ఓనరు నాకంటే పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. అగరొత్తులు వెలిగించి, మెషీన్లన్నిటికీ ధూపం చూపిస్తున్నాడు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. కాగితం జేబులోంచి తియ్యబోతున్నాను. ఇంతలో అతను అన్నాడు:

"బోణీ బేరం సార్. మీ చేత్తో మొదలవ్వాలి."

ఇది బట్టల కొట్టువాడితో అనదగ్గ మాట కాదు. పొద్దున్నే వచ్చి, ఇరవై చీరలు విప్పించి, మళ్లీ వస్తామని లేచి వెళ్లిపోయేవాళ్లని ఇరవై ఏళ్లుగా మనసులో తిట్టుకుంటున్న మనిషిని నేను. వాళ్లు మెట్లు దిగగానే గుమ్మం ముందు నీళ్లు చల్లించిన రోజులున్నాయి. అలాంటివాణ్ణి ఇప్పుడు ఇంకొకడి బోణీ చెడగొట్టి లేచి వెళ్లడమా? నా చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది.

ఆ తర్వాత నన్ను పట్టుకునేవాళ్లు లేరు. బల్ల మీద వరసగా పెట్టిన లాప్‌టాప్‌లని ఒక్కొక్కటీ బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని నలిపి చూశాను. అవి నలగవని తెలుసు, అయినా చేతికి అలవాటు. పైన పెట్టింది వద్దు, అడుగున దాచింది తియ్యమన్నాను. అతను ఏం అడుగున దాచాడో పాపం, లోపలికెళ్లి ఒక వెండిరంగు దాన్ని తెచ్చాడు. తమలపాకంత పల్చగా ఉంది. ఒక్క చేత్తో లేపితే లేచింది. మూత మీద అరచెయ్యి వేస్తే పట్టుబట్ట మీద వేసినట్టుంది. రంగు ఎండలో చూడాలి గనక గుమ్మంలోకి పట్టుకెళ్లాను. తెరలో నా మొహం, మీసంతో సహా, స్టూడియో ఫొటోలా కనిపించింది. తెర అలా మెరవకూడదని నా జేబులో రాసి ఉంది. నేను మీసం సర్దుకున్నాను.

తర్వాత బేరం. యాభై నాలుగు చెప్పాడు. నేను లేచాను, కూర్చున్నాను, నీళ్లు తాగాను, మళ్లీ లేచాను. నలభై తొమ్మిదిన్నరకి దించాను. దాని మీద బ్యాగు, మౌసు, కీబోర్డు మీద కప్పే పల్చటి తొడుగు, చివరికి గోడకి తగిలించిన కంపెనీ గొడుగు కూడా వేయించుకున్నాను. ఫోన్‌తో డబ్బు కొట్టాను. కళ్లకద్దుకోవడానికి నోటు లేకపోయేసరికి, డబ్బు వచ్చిందని చెప్పే ఆ చిన్న డబ్బానే తీసి కళ్లకద్దుకున్నాడతను. నాకు కడుపు నిండిపోయింది.

కొట్టుకి వెళ్లలేదు. పెట్టె ఒళ్లో, గొడుగు చంకలో పెట్టుకుని మంగళగిరి బస్సెక్కాను. వారధి మీద గాలి తగులుతుంటే నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటాయన పెట్టె చూసి ఎంతయిందని అడిగాడు. చెప్పాను. గొడుగు సంగతి అడక్కపోయినా చెప్పాను.

డబ్బు కట్ అయిన మెసేజి ఆవిడ ఫోన్‌కీ వెళ్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఇంట్లో అడుగు పెట్టేసరికి వాకిట్లోనే నిలబడి ఉంది. తిట్టలేదు. పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని, సీలు ఊడదియ్యకుండా, పక్కన అంటించిన చీటీ చదివింది. ఎనిమిది జీబీ. పెంచడానికి వీల్లేదు. పెట్టె మంచం మీద పెట్టి, నేను ముసిముసిగా నవ్వుతుంటే చూసి అడిగింది.

"ఇది బావుందా, మీరు బేరం బాగా చేశారా?"

నా దగ్గర రెండో దానికే జవాబుంది.

"దీని మీద నా ఫైలు తెరుచుకోదండీ," అంది. "సోమవారం వాళ్లకి ఏం చూపించను, గొడుగా?"

అప్పటికి దిగింది నా మత్తు. మంచం మీద పెట్టెకి ఇటు నేను, అటు ఆవిడ. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఫ్రిజ్ రంగు నేనే చూశాను, ఆవిడ ఎక్కే స్కూటీ నేనే ఖాయం చేశాను, మిక్సీ నేనే తెచ్చాను. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. సరుకు నాకు తెలుసన్న ఒక్క ధైర్యంతో, వాడేది ఆవిడన్న సంగతి మర్చిపోతూ వచ్చాను. ఆవిడ వాడుకుంటూ వచ్చింది. ఇదొక్కటే తను అడిగి, తను చదువుకుని, తన డబ్బుతో కొనుక్కుందామనుకున్నది. తప్పయిందన్నాను. ముందు అన్నం తినమంది.

నాలుగింటికల్లా షాపుకి చేరేలా ఇద్దరం కలిసి బయల్దేరాం. దారంతా నాకు ఒకటే గుబులు. బోణీ చెడగొట్టడం ఒక పాపమైతే, బోణీ సరుకు వాపసు తేవడం దానికి రెట్టింపు. మా కొట్లో అయితే అలాంటివాణ్ణి గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాదు. పెట్టె ఒళ్లో పొద్దున్నకంటే బరువుగా ఉంది. షాపులోకి అడుగు పెట్టాం. ఓనరు ఒక కుర్ర జంటతో మాట్లాడుతున్నాడు. "పొద్దున్నుంచీ ఈ కౌంటర్లో ఇదే బోణీ సార్, కాదనకండి," అంటున్నాడు.

మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను గోడ మీది గడియారం వైపు తిరిగాను. నాలుగూ పది. నవ్వాపుకోవడానికి ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్విందో నాకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి వచ్చినవాళ్లతో కూడా మా కొట్లో నేను ఆ మాటే అంటాను. కళ్లకద్దుకోవడం కూడా అతను నాలాగే చేశాడు. ఇరవై ఏళ్లుగా నేను జనం మీద వేస్తున్న గాలానికి ఈ పొద్దున నేనే నోరు తెరుచుకుని వెళ్లి తగులుకున్నాను.

నాకూ నవ్వొచ్చేసింది. ఆ నవ్వుతో గుబులు కూడా పోయింది. ఆ జంట వెళ్లాక పెట్టె బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నేనూ వ్యాపారస్తుణ్ణేనని, వాడేది ఈవిడని, ఈవిణ్ణి అడక్కుండా కొన్నానని, తప్పు మీది కాదు నాదని, సీలు తియ్యలేదని. డబ్బు వెనక్కి అడగడం లేదు, ఈవిడకి కావలసింది ఇచ్చి ఇది తీసుకోమన్నాను.

అతను బిల్లు చూశాడు, పెట్టె చుట్టూ తిప్పి సీలు చూశాడు, నన్ను చూశాడు.

"మీ కొట్లో వాపసు తీసుకుంటారా అండీ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన ఆవిడ ఉంది.

"తీసుకోను," అన్నాను.

"రేపట్నుంచి తీసుకుంటారు," అంది మా ఆవిడ.

అతను పకపకా నవ్వాడు. కూర్చోమన్నాడు, ఆవిణ్ణి. సీలున్న పెట్టె గనక మార్చి ఇస్తానని, కాకపోతే పొద్దున ఇచ్చినవన్నీ వెనక్కి ఇచ్చెయ్యాలని అన్నాడు. బ్యాగు, మౌసు, తొడుగు బల్ల మీద పెట్టాను. గొడుగు మాత్రం చేతిలోంచి రావడానికి కాస్త సేపు పట్టింది.

ఆ తర్వాత అరగంట నేను పక్కకి జరిగి నిలబడ్డాను. ఆవిడ ఎంచుకోవడం చూడటం నాకు అదే మొదటిసారి. తన సంచిలోంచి నాలుగు నూలు చిలపలు, అంటే రంగు దారం చుట్టలు, తీసింది: మావిడిపండు పసుపు, వంకాయ రంగు, చిలకాకుపచ్చ, ఎరుపు. అదే నూలుతో నేసిన అంచు ఫొటో తన ఫోన్లోంచి ఒక్కొక్క లాప్‌టాప్‌లోకీ ఎక్కించి, తెర పక్కన చిలప పెట్టి చూసింది. ఒక దాంట్లో వంకాయ రంగు బొగ్గయిపోయింది. ఇంకో దాంట్లో పసుపు తెల్లబోయింది. మూడో దాంట్లో తెరకీ నూలుకీ మధ్య గీత కనిపించలేదు. అది నల్లగా, లావుగా, ఇటుకరాయిలా ఉంది. పొద్దున నేను దాని వంక రెండోసారి చూడను కూడా లేదు.

అంతటితో అవలేదు. మూత పదిసార్లు తెరిచి మూసి మడతబందు గట్టిదనం చూసింది. తిరగేసి, విప్పడానికి మరలు ఉన్నాయో లేదో చూసింది. పదహారు జీబీ ఉంది సరే, ఇంకా పెంచుకోవచ్చా అని అడిగి, అవునంటే ఆ మాట బిల్లు మీద రాయించింది. సర్వీసు సెంటరు బందరు రోడ్డులో ఉందని అతను చెప్తే, నంబరు తీసుకుని అక్కడికక్కడే ఫోన్ చేసి, కీబోర్డు పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారని అడిగింది. అవతల ఎవరో వారం అన్నారు. నాలుగు రోజులకి రప్పించింది. ధర యాభై ఒకటి చెప్పాడతను. ఆవిడ యాభై ఉన్నాయంది. అంతే. లేవలేదు, కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. దాంతో మౌసు ఒక్కటీ ఇమ్మంది, బ్యాగు వద్దంది. అతను సరేనన్నాడు. నేను రెండు గ్లాసుల నీళ్లు తాగి సాధించినదానికంటే అది మంచి బేరం. నాకు ఈల వెయ్యాలనిపించింది. పెద్దవాణ్ణయిపోయాను గనక ఊరుకున్నాను.

తిరుగు బస్సులో పెట్టె ఆవిడ ఒళ్లోనే ఉంది. వారధి దాటేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుతూనే ఉన్నాం. "ఇదే బోణీ సార్, కాదనకండి" అని ఆవిడ అతని గొంతుతో అంటే ముందు సీటువాళ్లు కూడా తిరిగి చూశారు.

నా పొరపాటుతో ఆవిడకి మధ్యాహ్నమంతా పని సాగలేదు. దాన్ని ఎలా తిరిగివ్వాలో ఇంటికొచ్చాక ఆలోచించాను. వాళ్లడిగిన ఆరు అంచుల్లో రెండు ఆవిడ దగ్గర పాత గళ్ల కాగితాల మీదున్నాయి. వాటిని గడి గడీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒక్కతే అయితే కాగితం చూసి, తెర చూసి, మళ్లీ కాగితం చూసి చేసుకోవాలి. ఈ సాయంత్రం కూడా కొట్టుకి రానని, తననే చూసుకోమని మా గుమాస్తాకి ఫోన్ చేసి చెప్పాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని కాగితం పట్టుకున్నాను.

"మూడు నిండు, రెండు ఖాళీ, ఒకటి నిండు," అని నేను చదువుతుంటే ఆవిడ టకటకా నొక్కుకుంటూ పోయింది. ఫైలు పెద్దదయ్యేకొద్దీ ఇది కూడా ఎక్కడ కళ్లు మూసుకుంటుందోనని చూశాను, ఆ నల్ల ఇటుకరాయి మాత్రం చలించలేదు. మధ్యలో అంచుకి ఏ రంగు వేస్తే ఎక్కువ అమ్ముతుందో చెప్పాలని నాలిక దురద పెట్టింది. మింగేసి తర్వాతి వరస చదివాను. యాభై ఆరో వరసలో ఒక గడి తప్పు చదివాను. ఆవిడ గమనించలేదు. తప్పు చదివానని నేనే చెప్పి, ఆ వరస మళ్లీ మొదటినుంచీ చదివాను.