తాడుకి నాలుగో మనిషి

నెహెమ్యా హిమాలయాలకి వెళ్తున్నాడని, పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి గట్టునున్న మా బాంబూఫ్లాట్ అంతా తెలిసేనాటికి అతనికింకా లీవు కూడా మంజూరు కాలేదు. మా ఊళ్ళో కబురు ఫెర్రీ కోసం ఆగదు. చేపలమ్మే అప్పలకొండమ్మ నన్ను బజారులో ఆపి, మీ చర్చి లస్కరుకి మతి పోయిందటగా అని అడిగింది. పోలేదని చెప్పాను గానీ నాకూ అనుమానంగానే ఉంది. యాభై దాటిన మనిషి. చేపల పెట్టెల్లో పోసే ఐసు తప్ప పుట్టి బుద్ధెరిగాక మంచు అన్నది చూసి ఎరగడు. అలాంటివాడు లద్దాఖ్ వెళ్ళి కొండెక్కుతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

నెహెమ్యా పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బేకీ మా ఊరికీ మధ్య తిరిగే ఫెర్రీలో లస్కరు. అంటే తాడు మనిషి. పడవ జెట్టీకి దగ్గరవుతుంటే గట్టు మీది ఇనప గుంజకి ఉచ్చు పడేట్టు తాడు విసిరి, ఇవతలి కొసని పడవలోని గుంజకి చుట్టి పట్టుకుంటాడు. చూసేవాళ్ళకి అది బలంతో చేసే పనిలా ఉంటుంది. కాదు. అల పడవని వెనక్కి లాగినప్పుడు తాడు బిగుస్తుంది. అప్పుడు మొండిగా పట్టుకుంటే తాడన్నా తెగుతుంది, చెయ్యన్నా పోతుంది. బిగిసిన ఆ క్షణంలోనే కొంచెం వదలాలి, వదిలి మళ్ళీ అందుకోవాలి. అతని తండ్రీ ఇదే పని చేశాడు. మీసాలు రాకముందే ఈ వదలడం నేర్చిన చేతులు నెహెమ్యావి.

అతని భార్య క్యారొలిన్ నా స్నేహితురాలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకే టైలరింగ్ షాపులో కుట్టేవాళ్ళం. మహా తల్లి, ఏనాడూ వేళకి జెట్టీకి వచ్చిన పాపాన పోలేదు. నేను ముందే ఎక్కి కూర్చుంటే, తను దారిలో ఎవరితోనో కబుర్లు చెప్పి, చివర్లో చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుకొచ్చేది. ఆవిడ కాలు పడవలో పడేదాకా నెహెమ్యా తాడు విప్పేవాడు కాదు. పైన పడవ నడిపే సరంగు గణేశ్వరరావు హారను మీద హారను కొట్టేవాడు. జబ్బు చేస్తే ఆవిణ్ణి చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. పిల్లల్లేరు. ఇప్పటికీ తాడు విప్పేముందు ఒక్కసారి జెట్టీ గేటు వైపు చూస్తాడు. గణేశ్వరరావు ఆ ఒక్క క్షణం హారను కొట్టడు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.

రోజూ అంతమందిని దాటిస్తాడా, ఒక్కరూ పేరు పెట్టి పిలవరు. భయ్యా, బండి ఎక్కడ పెట్టమంటావు అంటారు, అంతే. చర్చిలో చివరి బెంచీ. వందనాలు అంటే వందనాలు. అంతకుమించి ఒక్క మాట రాలదు. ఇంటికి పిలిస్తే వస్తాడు, పెట్టింది తింటాడు, కంచం తనే కడిగి పెట్టి వెళ్ళిపోతాడు. అలాంటి మనిషిని ఏమని పలకరిస్తాం.

కొండ సంగతి అతని బుర్రలో పెట్టినవాడు రాజ్‌కిరణ్ అనే హైదరాబాదు కుర్రాడు. మన దీవులు చూడ్డానికి వచ్చి, ఫెర్రీలో నెహెమ్యా పక్కన నిలబడి, తను ఎక్కిన కొండల వీడియో ఫోనులో చూపించాడు. తెల్లటి మంచు మీద మనుషులు వరసగా నడుస్తున్నారు. అందరి నడుములకీ ఒకటే తాడు. నెహెమ్యాకి ఆ కొండా పట్టలేదు, మంచూ పట్టలేదు. ఒకడు పడిపోతే ఎలా అని అడిగాడట.

"మిగతావాళ్ళు పట్టుకుంటారు" అన్నాడట రాజ్‌కిరణ్.

ఆ మాట తర్వాత నెహెమ్యా మరి నిలవలేదు. మావాళ్ళంతా సర్కారు ప్రయాణం ఖర్చిచ్చే ఎల్టీసీ తీసుకుని వైజాగ్‌లో చుట్టాల్ని చూడ్డానికి వెళ్తే, ఇతను అదే ఎల్టీసీ మీద కొండకి బయలుదేరాడు. రాజ్‌కిరణ్ వెళ్ళే జట్టులోనే, గైడు వెంట తీసుకెళ్ళే యాత్రలో పేరు రాయించుకున్నాడు. వీపున బియ్యం సంచి కట్టుకుని రోజూ పొద్దున్నే మా ఊరి పక్కనున్న మౌంట్ హారియెట్ కొండ ఎక్కి దిగేవాడు. దారిలో కనబడ్డవాళ్ళు రేషను ఎక్కడిస్తున్నారని అడిగేవాళ్ళు. పాపం నవ్వేవాడు కూడా.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరైనా పెద్ద ప్రయాణం పెట్టుకుంటే ముందు ప్రార్థన చేసి పంపుతాం. క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. పాస్టరు లాజరస్ గారు ఆ ఆదివారం ప్రసంగమంతా కొండల మీదే నడిపించి, మన సహోదరుడు శిఖరం మీద నిలబడి మనందరి తరఫునా దేవుణ్ణి స్తుతిస్తాడు అని ప్రకటించేశారు. నెహెమ్యా తల వంచుకున్నాడు. అతను వెళ్తున్నది శిఖరం కోసం కాదని అప్పుడు నాకూ తెలీదు.

అక్కడ జరిగింది తర్వాత ఫెర్రీలో వస్తూ పోతూ ముక్కలు ముక్కలుగా నేనే రాబట్టాను. ఆ కొండ పేరు ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగలేదు. ఆరు వేల మీటర్ల పైమాటే అన్నాడు. గైడు నామ్‌గ్యాల్ అక్కడివాడే. జట్టులో రాజ్‌కిరణ్ కాక కాకినాడ నుంచి వచ్చిన స్వాతి అనే బ్యాంకు అమ్మాయి. ఆ పిల్ల ఇతని మాట విని, అంకుల్, మీది తెలుగా హిందీయా అని నవ్విందట. రెండూ అన్నాడట ఇతను. లోయలో నడిచినన్నాళ్ళూ స్వాతి పక్కనే నడిచింది, క్యారొలిన్ గురించి అడిగింది. ఇతను చెప్పాడు. చెన్నై నుంచి ఒంటరిగా వచ్చిన విమానం సంగతి కూడా చెప్పాడు. నాకే ఏనాడూ చెప్పలేదు, ఆ పిల్లకి చెప్పాడు. వింటుంటే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

కొండ అడుగున డేరాలు వేశాక నామ్‌గ్యాల్ నలుగురినీ ఒక తాడుకి కట్టాడు. ముందు తను, వెనక రాజ్‌కిరణ్, తర్వాత స్వాతి, చివర నెహెమ్యా. బూట్లకి ఇనప మేకుల పట్టాలు తొడుక్కుని మంచు మీద అటూ ఇటూ రోజంతా నడిచారు. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. ఇతను ఊపిరాడక ఆగినప్పుడల్లా ముందున్న ముగ్గురూ ఆగి, వెనక్కి తిరిగి చూశారు.

"నాకోసం ఆగినార్ అక్కా, ముగ్గురూ" అన్నాడు నాతో.

మర్నాడు పడినవాళ్ళని పట్టుకోవడం నేర్పించారు. స్వాతి మంచు వాలు మీద కిందకి దిగుతుంటే, పైన నెహెమ్యా మడమలు తన్నిపెట్టి కూర్చుని, తాడు నడుం చుట్టూ తిప్పి పట్టుకోవాలి. తాడు రెండో కొస అతని వెనక నామ్‌గ్యాల్ దగ్గరుంది. స్వాతి నిజంగానే జారింది. తాడు బిగిసింది. బిగిసిన క్షణంలో నెహెమ్యా చేతులు తమకి వచ్చిన పని చేశాయి. వదిలాయి. పడవ కాదు కదా, అల తగ్గి తిరిగి రావడానికి. ఆ పిల్ల అలా జారుతూ పోయింది. వెనక నామ్‌గ్యాల్ పట్టుకోబట్టి ఆగింది. గడ్డం గీరుకుపోయి నెత్తురొచ్చింది.

ఇంకోసారి చేద్దామన్నాడు నామ్‌గ్యాల్. ఈసారి తనే జారాడు. మళ్ళీ వేళ్ళు తెరుచుకున్నాయి. మూడోసారి నెహెమ్యా పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుంటూ పట్టుకున్నాడట. అయినా చేతులు వదిలాయి. గైడుకి కోపం రాలేదు. పక్కన కూర్చుని హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"భయ్యా, తప్పు మీది కాదు, మీ చేతులది. కానీ పైన ఆ చేతులు నలుగురినీ కిందకి తీసుకుపోతాయి. వాటికి పట్టుకోవడం నేర్పి వచ్చే ఏడాది రండి. ఈ తాడుకి నేనే కడతాను."

నెహెమ్యా స్వాతి వైపు చూశాడు. స్వాతి బూటుకున్న మంచు దులుపుకుంటోంది. ఆ పిల్లది మాత్రం తప్పా, చెప్పండి. ప్రాణం ఎవరికి తీపి కాదు. నేను ఆగిపోతాను అని ఇతనే అన్నాడు. ఎవరూ వద్దనలేదు. నడుముకున్న ముడి తనే విప్పుకున్నాడు. ముడులు విప్పడంలో అతన్ని మించినవాడు లేడు మరి.

వాళ్ళు చీకటితోనే బయలుదేరి వెళ్ళారు. తెల్లారాక ఇతను డేరా బయట వంటవాడి పక్కన కూర్చున్నాడు. చుట్టూ ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్న సముద్రం ఆగిపోయింది. అంత ఒంటరితనం క్యారొలిన్ పోయిన రోజు కూడా ఎరగనన్నాడు. వంటవాడు దుర్భిణి ఇస్తే చూశాడు. పైన తెల్లటి వాలు మీద మూడు నల్లటి చుక్కలు, సమానమైన దూరంలో. నాలుగో చుక్క కోసం కూడా వెతికాడట, పిచ్చి మారాజు.

వాళ్ళు దిగొచ్చేసరికి వేడినీళ్ళు పట్టుకుని ఎదురెళ్ళాడు. స్వాతి సారీ అంకుల్ అంది. పర్వాలేదమ్మా అన్నాడు. విడిపోయేటప్పుడు నామ్‌గ్యాల్ పాత తాడు ముక్క ఒకటి ఇతని సంచిలో పెట్టాడు. వాట్సాప్‌లో వాళ్ళు శిఖరం ఫొటోలు పెట్టారు, కొన్నాళ్ళు గుడ్ మార్నింగులు పెట్టారు, తర్వాత అదీ ఆగిపోయింది.

తిరిగొచ్చి మళ్ళీ డ్యూటీలో చేరాడు. చేతులు ఎప్పట్లాగే బిగిసిన తాడుని వదిలి అందుకుంటున్నాయి. ఏ సరంగైనా మెచ్చుకునే పని. ఇతను మాత్రం పగవాడి చేతుల్ని చూసినట్టు వాటిని చూసుకునేవాడు.

కృతజ్ఞత కూడిక వాయిదా వేయడానికి నానా సాకులూ చెప్పాడు. పాస్టరు గారు వదిలితే కదా. చివరికి ఒక ఆదివారం సాయంత్రం చర్చి కుర్చీలన్నీ అతనింటికి చేరాయి. క్యారొలిన్ జ్ఞాపకార్థ కూడిక తర్వాత ఆ ఇంట్లో అంతమంది కూర్చోవడం అదే. పాటలయ్యాయి, ప్రార్థన అయ్యింది. శిఖరం మీది సంగతులు వినడానికి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. నెహెమ్యా లేచి నిలబడ్డాడు.

"నేను పైకి ఎక్కలేదు" అన్నాడు. "ఒక దినం ముగ్గురితో ఒకే తాడుకి ఉన్నాను. నేను పడితే వాళ్ళు పట్టుకుంటారు, అది నాకు మాలూం. వాళ్ళు పడితే నేను పట్టుకోలేకపోయాను. బస్, ఇంతే. దేవునికి స్తోత్రం."

కూర్చున్నాడు. లాజరస్ గారికి ఏ పాట ఎత్తుకోవాలో తోచలేదు. ఎవరో దగ్గారు. తర్వాత అందరూ టీ తాగి, కేకు తిని, కొంచెం తొందరగానే లేచిపోయారు. దారిలో ఏమనుకున్నారో నాకు తెలుసు, చెప్పను.

గ్లాసులు కడుగుదామని నేను పెరట్లోకి వెళ్ళాను. అతని పెరడు ఏటవాలుగా ఉంటుంది, వక్కచెట్ల మధ్య రాతిమెట్లు కిందకి దిగుతాయి. మొదటి చెట్టు మొదట్లో నామ్‌గ్యాల్ ఇచ్చిన తాడు కట్టి ఉంది. దానికి ఎదురుగా నేలలో రెండు మడమల గుంటలు. రోజూ ఎవరో కూర్చుని తన్నిపెట్టి లాగితే తప్ప అంత లోతు పడవు. నెహెమ్యా నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఇదేం పని అన్నాను. నేర్చుకుంటున్నానన్నాడు. వచ్చిందా అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"చెట్టు జారదు కదా, అక్కా."

నా ఒళ్ళు మీరు చూడలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కడమంటే దేవుడు కనిపిస్తాడు. అయినా గ్లాసులు పక్కన పెట్టి, తాడు విప్పి నా నడుముకి కట్టమన్నాను. వద్దన్నాడు. నోరు మూసుకుని కట్టమన్నాను. కట్టాడు. పైన గుంటల్లో మడమలు పెట్టి కూర్చుని, తాడు నడుం చుట్టూ తిప్పుకున్నాడు. నేను రెండు మెట్లు దిగి, జారినట్టు నటిద్దామనుకున్నాను. పాకుడు పట్టిన మూడో మెట్టు నాకు ఆ శ్రమ లేకుండా చేసింది.

కాళ్ళు రెండూ లేచిపోయాయి. కింద రాళ్ళు కనబడ్డాయి. యేసయ్యా అనడానికి కూడా వ్యవధి లేదు. తాడు బిగిసింది. ఇదిగో ఇప్పుడు వదులుతాడు అనుకున్నాను.

నడుం దగ్గర ఒక్క కుదుపు కుదిపి ఆగింది. నేను మెట్ల మీద వెల్లకిలా, ఒక చెప్పు లేకుండా, వేలాడుతూ ఉన్నాను. తలెత్తి చూస్తే అతను పైన కూర్చుని, తాడుని రొమ్ముకి అదుముకుని, నోరు తెరుచుకుని ఏడుస్తున్నాడు. నేను మెల్లగా కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడ్డాను. దెబ్బేం తగల్లేదని చెప్పాను. గట్టిగా ఉన్నానని, ఇంక వదలొచ్చని చెప్పాను.

చీకటి పడుతున్నా అతను వదల్లేదు. నేనూ ముడి విప్పుకోలేదు. ఆ మెట్టు మీదే కూర్చున్నాను.