బతుకమ్మ నాడు మోతి ముద్దలు

సూర్యాపేటలో ఒక వాడ వాడంతటికీ, అదీ సద్దుల బతుకమ్మ నాడు, కుక్క కోసం చేసిన ముద్దలు తినిపించిన కోడలు ఎవరైనా ఉందంటే అది నేనే. ఇంకెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి, కాళ్లకు దండం పెడతాను. ఆ రోజు వాడవాళ్లు నన్ను చెరువులోకి తోసేయకపోవడం గౌరమ్మ దయ. మా అత్తగారు తోసేయకపోవడం ఇంకా పెద్ద దయ.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నేను అప్పటికి కోదాడ నుంచి కాపురానికి వచ్చి ఏడాది దాటింది. ఒంటరిగా రాలేదు లెండి. సారె బండి వెనకాలే మా మోతి కూడా వచ్చింది. మోతి మా పుట్టింటి ఆడకుక్క. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడితే ఇంకొకటి పడుకుని ఉండేది. ఎవరూ పిలవకుండానే మునగాల దాకా బండి వెంట పరుగెత్తింది. అక్కడ నేను కొత్త పెళ్లికూతురిననే సిగ్గు కూడా మరిచి, బోరున ఏడ్చి, బండి ఆపించి ఎక్కించుకున్నాను.

బండి దిగేసరికి మా అత్తగారు గుమ్మంలో ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉన్నారు.

"సారెల లడ్లు దెస్తరు, అరిసెలు దెస్తరు. కుక్కను దెచ్చిన కోడల్ని గీ పిల్లనే సూసిన," అన్నారు.

"మా మోతి కరవదు అత్తయ్యా."

"కరవకపోతే అది కుక్కెందుకయితది? ఎలుకలన్న పడ్తదేమో అడుగు."

అదీ మా తొలి పలకరింపు. ఆ కొత్త ఊళ్లో, ఆ కొత్త ఇంట్లో నా ముఖం చూడగానే సంతోషించే ప్రాణి మోతి ఒక్కటే. మా ఆయన కూడా సంతోషించేవారేమో కానీ, ఆయనకు తోక లేదు కాబట్టి తెలిసేది కాదు.

అత్తగారింట్లో మోతికి మిగిలిన అన్నంలో మామిడికాయ పచ్చడి కలిపి పడేసేవారు. నెల తిరక్కుండానే దాని వెంట్రుకలు రాలడం మొదలైంది. గోడకు ఒళ్లు రుద్దుకుని, రుద్దుకుని, గోడ సున్నమంతా అదే గీకేసింది. మా నాన్న కోదాడ పశువుల దవాఖానలో కంపౌండరు. "కుక్కకు ఉప్పూ కారం పెట్టడమంటే మెల్లగా చంపడమేనమ్మా" అని ఆయన నాకు చిన్నప్పుడే చెప్పారు. ఇక నడుం కట్టాను.

చెప్తాను, వినండి. ఇప్పటికీ ఇది చెప్పేటప్పుడు నాకు ఛాతీ ఉబ్బుతుంది. జొన్నరొట్టెను సన్నసెగ మీద కరకరలాడేదాకా కాల్చాలి. రోట్లో వేసి దంచాలి. ఉడికించిన గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, పొట్టు తీసి మెత్తగా మెదిపి అందులో కలపాలి. పల్లీల పొడి, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నువ్వుల నూనె. ఉప్పు లేదు, కారం లేదు, బెల్లం అసలే లేదు. నిమ్మకాయంత ముద్దలు చేసి నీడన ఆరబెట్టాలి. అప్పుడప్పుడూ ఒక కోడిగుడ్డు కూడా కొట్టి కలిపేదాన్ని. బతుకమ్మ పండుగ రోజులని ఆ వారం మాత్రం కలపలేదు. ఆ ఒక్క బుద్ధి నాకు ఏ దేవుడిచ్చాడో కానీ, అందుకే ఇవాళ మీ ముందు కూర్చుని ఈ కథ చెప్పగలుగుతున్నాను.

ఆ ముద్దలు తిని మోతి పట్టుచీర అంచులా మెరవసాగింది. వాడలో కుక్కలన్నీ పొద్దున్నే మా గుమ్మం ముందు పెళ్లి భోజనానికొచ్చినట్టు వరుసగా కూర్చునేవి. నాకు గర్వం. అత్తగారికి ఒళ్లుమంట.

"పండుగకు మిర్యాలగూడ నుంచి సుశీలొస్తది. దాన్ని తోలుకొని వియ్యపురాలు గూడ వస్తదంట," అన్నారు ఒకరోజు. సుశీల నా ఆడబిడ్డ. "గామె ముందర గీ కుక్కల సంత నడువది. పండుగ ఎల్లిన తెల్లారే నీ మోతిని కోదాడకు తోలియ్యాలె. ఇగ మాటల్లేవ్."

"అత్తయ్యా..."

"మాటల్లేవన్న!"

ఆ రాత్రి మోతి పక్కనే కూర్చున్నాను. మోతి లేకపోతే ఆ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలి?

సద్దుల బతుకమ్మ వచ్చింది. వాకిలి నిండా తంగేడు, గునుగు పూలు. వంటింట్లో నేను. ఆ రోజు మలీద ముద్దలు నన్నే చేయమన్నారు. రొట్టె ముక్కల్లో బెల్లం, నెయ్యి కలిపి చేసే ముద్దలు. అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. నాలుక మీద ఒక్క పలుకు వేసుకున్నా ఎంగిలే. ఈ నియమం గుర్తుపెట్టుకోండి, నన్ను ముంచింది ఇదే.

పక్క పొయ్యి మీద మోతి ముద్దలు కూడా చేశాను. అది వెళ్లిపోతుందేమోనన్న దిగులుతో ఆ ముద్దలన్నీ ముత్యాల్లా ఒకే తీరుగా చుట్టాను. మలీద మాత్రం, బెల్లం పాకంలా చేతికి అంటుకుంటూ ఉంటే, ఎలా వస్తే అలా చేశాను. ఆ తర్వాత నా తెలివి చూడండి. మలీదను మామూలు తపేలాలో పెట్టి, మోతి ముద్దలను మా అమ్మ పెళ్లికిచ్చిన ఇత్తడి డబ్బాలో సర్దాను. నా మోతికి ఏం తక్కువ? పైన తెల్లగుడ్డ కూడా కట్టాను.

మీరే చెప్పండి, తపేలా, మెరిసే ఇత్తడి డబ్బా పక్కపక్కన ఉంటే, అమ్మవారికి ఏ అత్తగారైనా ఏది తీసుకెళ్తుంది?

చెరువు కట్ట మీద ఆట ముగిసింది, బతుకమ్మలను నీళ్లలో సాగనంపారు, అమ్మవారికి సద్దులు చూపించారు. అత్తగారు అప్పటిదాకా నా కంటపడని డబ్బాను గంపలోంచి తీసి, గుడ్డ విప్పి పంచడం మొదలుపెట్టారు. ఒకే తీరు ముద్దలు, ముత్యాల్లా! అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ కుక్క సొమ్ము అత్త దానం చేస్తోంది.

వెళ్లి ఆమె కొంగు పట్టుకుని గుంజాను.

"అత్తయ్యా, అది కాదు."

"ఏది గాదు?"

"మలీద కాదు."

"మరేంది?"

"మోతిది."

అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "గౌరమ్మ తల్లీ!" అని కళ్లు మూసుకున్నారు. ఎదురుగా నిలబడ్డ పక్కింటావిడ ఆమె భక్తికి కదిలిపోయి తాను కూడా కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"కుక్క మూతివెట్టిందా?" అత్తగారు గుసగుసగా అడిగారు.

"లేదత్తయ్యా! తలస్నానం చేసి, మడితోనే చేశాను."

"కుక్కకు మడిగట్టి వండినవా?"

"అందరికీ చెప్పేద్దామా?"

"చెప్తే బతుకమ్మ ఎనుకనే మనల్ని గూడ సాగనంపుతరు. నోరు మూస్కొని పంచు!"

పంచాను. కుడితిలో పడ్డ ఎలుకలాగా ముఖం పెట్టి, గుప్పెళ్లు గుప్పెళ్లుగా పంచాను. తిన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బెల్లం దొరకలేదేమో, పాపం," అంది ఒకామె. సరుకులు కంట్రోలులో కొలిచి ఇచ్చే రోజులు కదా, ఆ మాట నమ్మేలాగే ఉంది.

"కోదాడ దిక్కు గిట్లనే చేస్తరంట," అంది ఇంకొకామె. నా వల్ల మా ఊరి పరువు కూడా చెరువులో కలిసింది.

ఆఖరికి ముద్ద మిర్యాలగూడ వియ్యపురాలి చేతికి చేరింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఎవరింట్లో ఏం పెట్టినా ఏదో ఒక వంక పెట్టనిదే లేవదని పేరున్న మనిషి. నోట్లో ఉన్న నాలుగు పళ్లతో మెల్లగా నమిలింది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఏడాది కాపురంలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

పెద్దమ్మ ఇంకో ముద్ద అడిగి తీసుకుంది. అదీ తిన్నది.

"ఎవలు చేసిన్రు వదినా ఇవి?"

"గీ కోదాడ పిల్లనే," అని అత్తగారు నన్ను ముందుకు తోశారు.

"మస్తుగున్నయ్."

"మా కోడలే, వదినా! నా చేతికింద నేర్చుకున్నది," అన్నారు అత్తగారు, ఊపిరి కూడా తీసుకోకుండా.

"నాకు బెల్లం తింటే పైత్యం లేస్తది బిడ్డా. ఏడాదికొక్క పండుగ, ఒక్క ముద్ద తినే రాత లేదనుకుంట కూసుంట. ఇంతమంది కోడండ్లున్నరు, ఒక్కతికన్న నా ముచ్చట యాదికి రాలె. నా కోసమే బెల్లం ఏయకుంట చేసినవా?"

ఆమె కళ్లలో నీళ్లు. నా ఒంట్లో సిగ్గూ గర్వమూ కలబడ్డాయి. గర్వమే గెలిచింది.

"అవును పెద్దమ్మా," అన్నాను.

ఇంటికొచ్చేసరికి అసలు మలీద తపేలా వంటింట్లో అలాగే ఉంది. దాని ముందు మోతి కాళ్లు చాపుకుని పడుకుంది. నెయ్యి వాసన ఇల్లంతా గుప్పుమంటోంది, అది మాత్రం మూతి పెట్టలేదు. "మీరు పొయినకాడి నుంచి లేవలే. పిల్లిని సుత దగ్గరికి రానియ్యలే," అన్నారు మా ఆయన. నాకు ఏడుపొచ్చింది, గర్వంతో. అత్తగారు లెంపలు వేసుకుని, ఆ మలీదను ఇంట్లో గౌరమ్మకు పెట్టి, మోతి వైపు కాసేపు చూశారు. మనసు కరిగిందనుకున్నాను.

"అయినా సరే, తెల్లారంగ పంపుడు పంపుడే," అన్నారు. "ఇయ్యాల నా ఇజ్జత్ దీసింది."

"అదేం చేసింది అత్తయ్యా?"

"అది లేకపోతే నువ్వు చేయకపోదువు గద!"

తెల్లవారింది. మా ఆయన మోతి మెడకు తాడు కట్టి, కోదాడ బస్సుకు తీసుకెళ్లడానికి వాకిట్లో నిలబడ్డారు. నేను డబ్బాలో మిగిలిన ముద్దలు తెచ్చి, దాని ముందు కూర్చుని, ఒక్కొక్కటే తినిపిస్తూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అప్పుడే స్నానానికి వెళ్తూ పెద్దమ్మ అటు వచ్చింది. డబ్బా వైపు చూసింది, మోతి నోటి వైపు చూసింది.

"ఏంది బిడ్డా! నా కోసం చేసిన ముద్దలు కుక్కకు వెడ్తున్నవా?"

నేను నోరు తెరిచేలోపే, వెనక నుంచి అత్తగారు చేతిలో కవ్వంతోనే ఉరికొచ్చారు.

"అది కుక్క గాదు వదినా! ఇంటి బిడ్డసొంటిది! మా కోడలి సారెల వచ్చింది. మేమేం తింటే దానికి గదే పెడ్తం. మా ఇంట్ల భేదం లేదు!"

నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మోతి కూడా నమలడం ఆపింది.

"గట్లనా," అంది పెద్దమ్మ. "మరి బిడ్డకు తాడుగట్టి ఎటు దీస్కపోతున్రు?"

అత్తగారు తాడు చూశారు. కొడుకును చూశారు.

"ఎటు లేదు. జర గాలికి తిప్పుకొస్తడు."

"బస్సుకు యాళ్లయితుందే అమ్మా..." అన్నారు మా ఆయన, అమాయకంగా.

"గాలికి తిప్పుకొస్తవ్!" కవ్వం పైకి లేచింది. "రోజూ తిప్పుతవ్ గద? ఇయ్యాల ఏమైంది?"

ఆ రోజు నుంచి మా ఆయన రోజూ తిప్పారు. మోతి బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే బతికింది, ఎవరూ మళ్లీ కోదాడ మాట ఎత్తలేదు. పెద్దమ్మ మాత్రం ప్రతి పండుగకూ కబురు పెట్టేది, నేను ముద్దలు కట్టి మిర్యాలగూడకు పంపేదాన్ని.

కాబట్టి గౌరమ్మ సాక్షిగా, మీ అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను: కుక్క కోసం చేసినవి ఈ జన్మలో ఇంకెప్పుడూ మనుషులకు పెట్టను. మిర్యాలగూడకు పంపినవి ఈ లెక్కలోకి రావు. అవి పెద్దమ్మ కోసం చేసినవే, వాటిలోంచి మోతికి పెట్టాను.