కోతులు తినే కంపాంబ

రాగిగనుల ఊరు కిట్వేలో, వుసకిలే కాలనీలో, గని కార్మికుల వెల్ఫేర్ హాలు గేటు పక్కన వితుంబువాలనే తీపి పిండి ఉండలు వేయించే కంపాంబకు రెండు విషయాల్లో సాటి లేదు. ఒకటి, నూనెలో గుండ్రంగా పొంగే ఆ వితుంబువాలు. రెండు, నోరు. వితుంబువాలు తిన్నవాళ్ళు మళ్ళీ వస్తారు. తిట్లు తిన్నవాళ్ళూ మళ్ళీ వస్తారు, అదే వింత.

ఆ హాలు ఇప్పుడు పెచ్చులూడిపోయి ఉంది గాని, కంపాంబ వయసులో ఉన్నప్పుడు అక్కడ జామ్‌రాక్ అనే గిటార్ల సంగీతం ఉరిమేది. సరిహద్దు అవతల యుద్ధం, ఇవతల రాత్రి కర్ఫ్యూ. అందుకని గిటార్లు పట్టపగలే మోగేవి. చెమటలు కక్కుతూ ఎగిరిన ఆడపిల్లల్లో కంపాంబది ముందువరస. 'స్మెల్టర్స్' బృందంలో బేస్ గిటార్ వాయించే జొండాని జెరె ఆమె పక్కింటివాడే. రాత్రంతా గనిలో రాయి కొట్టి, పైకొచ్చి స్నానం చేసి, నిద్రమొహంతోనే వేదిక ఎక్కేవాడు. అందరి కళ్ళూ పాడేవాడి మీద ఉండేవి. కాళ్ళు మాత్రం జొండాని మాటే వినేవి. ఈ సంగతి కంపాంబ ఎవరడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

జొండాని న్గోని, కంపాంబ బెంబా. ఎప్పుడో తాతలనాడు కొట్టుకున్న పుణ్యమా అని ఆ రెండు తెగలకూ బావామరదళ్ళ వరస కుదిరింది. ఎదురుపడితే వెక్కిరించుకోవాలి. ఊరుకుంటే ఏదో కోపముందని అర్థం. ఆమె అతన్ని ఎలుకలు తినేవాడా అనేది, అతను ఆమెను కోతులు తినేదానా అనేవాడు. అలా ఇరవై ఏళ్ళు కంచెకు చెరోవైపు నిలబడి తిట్టుకున్నారు. ఒక్కనాడూ మొహాలు మాడ్చుకోలేదు.

తర్వాత ఊరు ఊరంతా ఒకే జబ్బుకు మనుషుల్ని పోగొట్టుకున్న పాడుకాలం వచ్చింది. తనకూ ఆ జబ్బు ముదరడంతో జొండానే బలవంతపెట్టి భార్యను తూర్పున చిపాటా పక్క పుట్టింటికి పంపేశాడు. ఆమె చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళింది, మరి కబురు లేదు. అతను పోయినప్పుడు అయినవాళ్ళెవరూ అందుకోలేకపోయారు. అలాంటప్పుడు కార్యం నడపవలసింది వరసైనవాళ్ళే. కంపాంబ నడుం బిగించింది. శవపేటికకు అడ్డం పడుకుని, ఎలుకలన్నీ ఎవరికి వదిలి పోతున్నావు బావా అని నిలదీసింది. ఏడ్చేవాళ్ళు కూడా నవ్వారు. అతను టీ తాగే రేకు కప్పుకు ఆచారం ప్రకారం అడుగున చిల్లుపెట్టి సమాధి మీద బోర్లించింది. ఆనాటి నుంచి ఏటా గడ్డి పీకుతూ తిడుతూనే ఉంది. అవతలినుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎంత నోరున్న మనిషికైనా తిరిగి తిట్టేవాళ్ళు లేకపోతే ఒంటరితనమే.

ఇన్నేళ్ళకు లోకానికి జామ్‌రాక్ గుర్తొచ్చింది. ఎండాకాలం వస్తే ఎక్కడెక్కడివాళ్ళో పాత రికార్డులు చంకన పెట్టుకుని దిగుతున్నారు. వాళ్ళను తిప్పేవాడు లుసాకా కుర్రాడు లుబిందా. వెల్ఫేర్ హాలు, రికార్డులమ్మిన కొట్టు, పాడేవాడి ఇల్లు చూపించి, చివర శ్మశానానికి తీసుకొస్తాడు. ముందు మూడుచోట్లా పాడేవాడి గొప్పే. జొండాని పేరు వినబడేది ఒక్క సమాధి దగ్గరే.

కిందటిసారి వచ్చిన ఒక పెద్దాయన, చచ్చినవాణ్ణి ఒక ముసలిది నోటికొచ్చినట్టు తిట్టిందని ఇంటర్నెట్‌లో రాసిపడేశాడు. లుబిందాకు బెంగ పట్టుకుంది. ఈసారి బస్సు దిగుతూనే కంపాంబను పక్కకు పిలిచి నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మొదలుపెట్టాడు.

"సమాధి దగ్గర నోరు మెదపకవ్వా. పువ్వులు పెట్టి పక్కకి జరిగిపో. మళ్ళీ గొడవైతే చూపించేవాటిలోంచి ఆ చోటే తీసెయ్యాల్సొస్తుంది."

"నేను తిట్టకపోతే మా బావ నేనూ పోయాననుకుంటాడ్రా."

"అనుకోనీ. పేరైనా మిగుల్తుంది కదా."

ఆ మాట సూటిగా తగిలింది. పేరు మిగలాలంటే నోరు కట్టుకోవాలి, నోరు విప్పితే పేరు పోతుంది. కంపాంబ సరేనంది. అంత తేలిగ్గా సరేనన్నందుకు లుబిందాకు అనుమానం వచ్చింది.

శ్మశానంలో పదిమంది దాకా మౌనంగా నిలబడ్డారు. వెనకాల టోపీ చేత్తో పట్టుకుని ఒక నల్లకోటు మనిషి, తూర్పువైపు నుంచి వచ్చినవాడు, పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట కలపలేదు. కంపాంబ పువ్వులు పెట్టింది. పెదాలు బిగబట్టింది. చిల్లుకప్పు సరిచేద్దామని వంగితే, దాని పక్కనే సమాధి అంచున నున్నగా తవ్విన ఎలుక బొరియ కనబడింది.

ఇక మనిషన్నవాడు ఎలా ఆగుతాడు? కంపాంబ ఆగలేదు.

"చూశావా బావా, పోయినా బుద్ధి పోలేదు. ఇంటికే పిలిపించుకుని తింటున్నావా?"

వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకామె చేతిలోని కెమెరా దించేసింది. లుబిందా తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన పేరును కంపాంబ తన నోటితో తనే పూడ్చిపెట్టాననుకుంది.

అప్పుడు వెనకనుంచి ఆ నల్లకోటు మనిషి గొంతు వినబడింది. పెద్దగా అరవలేదు, నింపాదిగానే అన్నాడు.

"కోతి కూర తిని పెరిగినదానివి, ఎలుకల ఊసు నీకెందుకవ్వా? మా నాన్న జోలికొస్తే ఊరుకోను."

కంపాంబ గిరుక్కున తిరిగింది. ఆ నిద్రమొహం ఆమెకు తెలిసిందే. అతని పేరు తమందాని జెరె. చిపాటాలో బస్సులు బాగుచేస్తాడట. తండ్రిని పాతిపెట్టిన బెంబా మరదలు ఒకావిడ ఉందని తల్లి చెప్పి పోయిందట. ఆమె ఎవరో నోరు విప్పితే తెలిసిపోతుందని కూడా చెప్పిందట. పొద్దుటినుంచీ దానికోసమే కాచుకున్నాడు.

ఆమె అతని కోటు కాలరు పట్టుకుని, ఇన్నేళ్ళూ ఏ బొరియలో దాక్కున్నావురా అని అడిగింది. చెట్ల మీద నీ చుట్టాలు దారివ్వలేదని అతనన్నాడు. అంటూ ఏడ్చాడు, ఆమె కూడా ఏడ్చింది. దించిన కెమెరా మళ్ళీ పైకి లేచింది. లుబిందా గొంతు సవరించుకుని, స్మెల్టర్స్ బేస్ గిటారు జొండాని జెరె కొడుకు ఈయనేనని అందరికీ వినబడేలా ప్రకటించాడు. చూపించేవాటిలోంచి సమాధిని తీసెయ్యడం గురించి మళ్ళీ మాటెత్తలేదు.

ఆ సాయంత్రం కంపాంబ పొయ్యి వెలిగించలేదు. కాలనీలో ఇంటింటి గడపా ఎక్కి, జొండాని కొడుకు పదిమందిలో తనను కోతులు తినేదానివన్నాడని తల ఎత్తుకుని చెప్పుకొచ్చింది.