గువ్వ లోపలి చొక్కా

మా వదిన బాగుచేసిన కోటు తిరగేసి చూపించినా ఎక్కడ కుట్టిందో మీరు పట్టుకోలేరు. మోచేయి చిరిగి వేలాడుతున్న కోటు తెచ్చిన మనిషి, తిరిగి తీసుకునేటప్పుడు ఇది నాదేనా అని అనుమానపడి జేబులు వెతుక్కుంటాడు. కుట్టు కనబడితే కుట్టినవాళ్లకి సిగ్గు అంటుంది ఆవిడ. మాట తక్కువ, పని ఎక్కువ. మాటల శాఖ నాది. నేను ఆవిడ ఆడపడుచుని. అదే దుకాణంలో గుండీలు, కాజాలు, అంచులు నావి, వచ్చినవాళ్లతో పోట్లాట కూడా నాదే. మా అన్నయ్య లారీ తోలుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కాబట్టి దుకాణంలోనైనా, దాని వెనక ఉన్న రెండు గదుల్లోనైనా మేం ముగ్గురమే. వదిన, నేను, గువ్వ.

గువ్వ వాళ్ల కూతురు. ఆ ముద్దుపేరు నేను పెట్టిందే. ఏ కోటు ఎవరిదో, ఎవరు ఎప్పుడు వస్తామన్నారో నాకన్నా దానికే బాగా గుర్తు. ఒళ్లు మాత్రం దాని మాట వినదు. పుట్టినప్పటి నుంచీ కండరాల్లో సత్తువ లేదు. నడక రాలేదు. మాట మెల్లగా, ముద్దముద్దగా వస్తుంది. కూర్చోబెడితే కాసేపుండి పక్కకి ఒరిగిపోతుంది.

చంటిపిల్లగా ఉన్నన్నాళ్లూ ఒళ్లో పెట్టుకునే మిషను తొక్కేది వదిన. పెరిగాక ఒడి చాల్లేదు. అప్పుడు తనకొచ్చిన విద్యంతా పెట్టి దానికో లోపలి చొక్కా కుట్టింది. గట్టి గుడ్డ రెండు పొరలు, వాటి మధ్య అట్టపెట్టెలకి చుట్టే ప్లాస్టిక్ పట్టీలు నిలువుగా తొమ్మిది, వీపు వైపు హుక్కులు. పైన గౌను వేసేస్తే లోపల ఏముందో దేవుడికి కూడా తెలీదు. అది తొడిగితే గువ్వ ముప్పావుగంట దాకా నిటారుగా కూర్చునేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు ఎంత చక్కగా కూర్చుందో అంటే దాని మొహం వెలిగిపోయేది. మేమూ మురిసిపోయేవాళ్లం, దాచుకోవడం దేనికి.

ఏడేళ్లు నిండిన కొత్తలో పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. వెన్నెముక వంగుతోందన్నాడు డాక్టరు. ఇలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుందట. రోజూ తెలిసినవాళ్ల చేత వ్యాయామం చేయించాలి, దాని ఒంటి కొలతకి చేసిన కుర్చీ కావాలి, బయటనుంచి అతుకులు పెట్టి ఆపలేం అన్నాడు. ఆ రెండూ ఒకేచోట ఇచ్చేది ఊరి చివర ఉన్న పిల్లల కేంద్రం ఒక్కటే. అక్కడ చేర్చుకోవాలంటే ముందు వాళ్లు పిల్లని చూసి కాగితం రాయాలి. ఎనిమిదేళ్లు దాటితే చేర్చుకోరు.

ఆ రోజు నుంచి మా వదినకి మనసు మనసులో లేదు. కుట్టు మధ్యలో చక్రం ఆపేసేది. ఏమైంది వదినా అంటే చెయ్యెత్తి ఉండమనేది. పిల్ల ఊపిరి వినిపిస్తోందో లేదో వింటోందన్నమాట. వినిపించాక మళ్లీ తొక్కేది. కొన్నాళ్లకి నేనూ అదే పనిలో పడ్డాను. ఇద్దరం సూదులు పట్టుకుని, నోళ్లు మూసుకుని, ఓ చిన్నపిల్ల గాలి పీల్చుకోవడం వింటూ కూర్చునేవాళ్లం. అంత భయం నా జన్మలో ఎరగను.

దరఖాస్తులు, సంతకాలు, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరగడాలు, అవన్నీ చెప్తే తెల్లారిపోతుంది. తొమ్మిది నెలలకి పిలుపొచ్చింది. ఇక్కడే నేను చేసిన ఘనకార్యం వినండి. పెద్ద పెద్ద డాక్టర్ల ముందుకి వెళ్తున్నాం, పిల్ల వాలిపోతూ కనబడితే ఇది బాగుపడే రకం కాదని పక్కన పెట్టేస్తారు, శుభ్రంగా కూర్చోబెడదాం వదినా, అన్నది నేనే. ఆవిడకీ నిజమే అనిపించింది. ఉన్న పనంతా పక్కన పడేసి రెండ్రోజులు కూర్చుని కొత్త లోపలి చొక్కా కుట్టింది, పాతదానికన్నా పల్చగా, పాతదానికన్నా గట్టిగా. మెడ దగ్గర వేలు పెట్టి చూసినా తగిలేది కాదు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. పది నిమిషాల్లో తేల్చేశారు. పేరడిగితే చెప్పింది, రంగులు చూపిస్తే చెప్పింది, కూర్చోమంటే రాణీగారిలా కూర్చుంది. అందులో ఒకాయన బాగుంది, చాలా బాగుంది అన్నాడు. మేం పొంగిపోతూ ఇంటికొచ్చాం.

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. బిడ్డ ఆధారం లేకుండా కూర్చోగలదు గనక కేంద్రంలో చేర్చుకోవలసిన అవసరం లేదు అని రాశారు. నేనే చదివాను. వదిన మళ్లీ చదవమంది. మూడోసారి చదువుతుంటే కత్తెర కింద పెట్టి, గువ్వ వైపు తిరిగి, దాని వీపు మీద చెయ్యి వేసింది. మనమే చేశాం, అంది.

మర్నాడు కేంద్రానికి పోయి కిటికీ దగ్గర నానా రభసా చేశాను. కేకలు విని అక్కడ వ్యాయామం నేర్పే పెద్దావిడ బయటికొచ్చి నన్ను వరండాలోకి తీసుకుపోయింది. ఆ రోజు పిల్లకి ఏం బట్టలు వేశారని అడిగింది. చెప్పాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత మెల్లగా విషయం చెప్పింది. ఇంకొక్కసారి చూడమని అడగొచ్చు, పుట్టినరోజులోపు దొరికేది ఒక్క తారీఖే. కానీ మొన్న కూర్చున్న పిల్ల ఇవాళ కూర్చోలేకపోతే నటిస్తున్నారంటారు. ఆ చొక్కా కూడా పట్టుకురండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చొక్కా చూపిస్తే మోసం చేశారంటారు, చూపించకపోతే నటిస్తున్నారంటారు. ఇరవై రెండు రోజులు ఆగాలి. ఆ ఇరవై రెండు రోజుల్లో మా వదిన, చెయ్యి తిరిగిన మనిషి, ఒక కోటు చేతులు రెండూ ఎడమవే కత్తిరించింది. నేను గుండీలు లోపలివైపు కుట్టాను. లోపలి చొక్కా తీసి పెట్టెలో పెట్టేశాం. అది లేకపోతే గువ్వ ఎంతసేపు కూర్చుంటుందో తెలుసుకోవడానికి గడియారం పట్టుకుని చూసేదాన్ని. ఓ రోజు అర నిమిషం. ఓ రోజు నిమిషంన్నర. నిమిషంన్నర వచ్చిన రోజు నాకు తిండి సహించలేదు. పిల్ల బాగా కూర్చుందని ఏడ్చిన మేనత్త లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఉండబట్టలేక నోరు జారాను. గువ్వకి చెప్పేద్దాం వదినా, డాక్టర్లు కూర్చోమనగానే పడిపొమ్మని, అన్నాను. మా వదిన నా మీద కళ్లెర్రజేయడం అదే మొదటిసారి.

"దాని చేతిలో ఉన్నది గట్టిగా ప్రయత్నించడం ఒక్కటే. అది కూడా మాన్పించమంటావా?"

గువ్వకి ఏమీ చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ఈసారి లోపల ఒక్క డాక్టరమ్మ, వ్యాయామం ఆవిడ. గోడవారగా ఎత్తైన బల్ల, దాని మీద రెక్సిన్ పరుపు, ఎదురుగా గోడ గడియారం. వదిన ముందే సంచిలోంచి లోపలి చొక్కా తీసి బల్ల మీద పెట్టి, మొన్న దీన్ని తొడిగి తెచ్చామండీ, అంది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది, వంచి చూసింది, పట్టీలు లెక్కపెట్టింది. ఇక మా మీద కేసు పెడుతుందేమోననుకున్నాను.

"ఇది లేకుండా కూర్చోబెట్టండి. ఎవరూ ముట్టుకోకండి," అంది.

పల్చటి బనీనులో కూర్చోబెట్టి వెనక్కి వచ్చేశాం. గువ్వ కొత్త మనుషుల్ని చూసింది. చూసి వీపు నిలబెట్టింది. పిచ్చితల్లి, ఎంత బాగా కూర్చుంటే అంత మెచ్చుకుంటారని కదా మేం నేర్పింది. పరుపు అంచుని రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగించి, వాళ్లమ్మ వైపు చూసి నవ్వింది. అర నిమిషం. నిమిషం. మెడ వణుకుతోంది, నుదుటి మీద చెమట పోసింది, అయినా పడదు. డాక్టరమ్మ కలం కాగితం వైపు వెళ్లింది. పడిపోవే తల్లీ, పడిపో, అని లోపల్లోపల వేడుకున్నాను. నా మనసు మండిపోనూ, కన్నతల్లి పక్కన నిలబడి ఆ మాట అనుకున్నాను. వదిన వైపు చూస్తే ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆవిడా అదే అనుకుంటోందని నాకు తెలుసు.

నిమిషం నలభై సెకన్లకి ఒక భుజం జారింది. గువ్వ అమ్మా అంది. కంగారుగా కాదు, ఎప్పుడూ పిలిచినట్టే పిలిచింది, అమ్మ పక్కనే ఉంది కదాని. వదిన కదల్లేదు. పిల్ల ఇంకాస్త వాలి, తల్లి మొహం చూస్తూనే, పక్కకి పడిపోయింది. చెంప పరుపుకి తగిలి చప్పుడైంది. వ్యాయామం ఆవిడ చెయ్యి అందేలోపే అయిపోయింది.

దెబ్బేమీ తగల్లేదు. ఏడవనూ లేదు. పడ్డచోటి నుంచే మెల్లగా, ముద్దగా అంది.

"ఇంకోసారి కూర్చుంటాను. బాగా కూర్చుంటాను."

చాలమ్మా అంది డాక్టరమ్మ. తల వంచుకుని రాసుకుంది. అప్పటికి గానీ వదిన కాళ్లు కదల్లేదు.

సీటు వచ్చింది. పుట్టినరోజుకి ఇంకా పదకొండు రోజులుండగా చేర్చుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే బండి వస్తుంది, రోజూ గంటసేపు వ్యాయామం. కొలత తీసి కుర్చీ చేశారు, నడుముకి, ఛాతీకి బెల్టులు, రెండు పక్కలా దిండ్లు, ఆ కుర్చీలోంచి పడమన్నా పడలేదు. వంపు ఆగినట్టే ఉందని మొన్న చెప్పారు. వదిన మిషను మధ్యమధ్యలో ఆపడం తగ్గించింది. అన్నయ్య వచ్చినప్పుడల్లా ఆ కుర్చీని అందరికీ చూపించుకుంటున్నాడు.

ఒకటి మాత్రం వాడికి మేం చెప్పలేదు. కుర్చీలో కూర్చోబెట్టే ముందు, రోజూ, వాళ్లమ్మ మణికట్టు పట్టుకుని, పడితే పట్టుకుంటావా అని అడుగుతుంది గువ్వ. పట్టుకుంటానమ్మా అనేదాకా వదలదు. పుట్టి ఇన్నేళ్లయింది, ఆ మాట అంతకుముందు ఒక్కసారి కూడా అడగలేదు.