ఆరని జిగురు

మా బావ దేన్నయినా బొటనవేలితో నొక్కి చూస్తేగాని నమ్మేవాడు కాదు. మామిడిపండైనా, దండెం మీది చొక్కా అయినా అంతే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అక్కావాళ్లింట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆయనకు రేసు సైకిలుండేది. దాని టైరు లోపలే ట్యూబు పెట్టి కుట్టేస్తారు. టైరును చక్రానికి పట్టి ఉంచేది జిగురొక్కటే.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో, రోడ్డు మీది గాజుపెంకు దిగి ముందు టైరు చీలింది. కొత్తది ఎట్లా వెయ్యాలో ఆ సాయంత్రం నాకు నేర్పాడు. గడప ముందు రిమ్ముకు నేను జిగురు పూశాను. ఇద్దరం అరచేతులతో లాగి టైరు ఎక్కించాం. బావ బొటనవేలితో పక్కకు నెట్టి చూశాడు. టైరు జరిగింది.

"రాత్రంత ఆరాలె పిల్లా. పచ్చిగున్నప్పుడు ఎక్కితే మలుపుల ఊడొస్తది."

అంతలో పక్కింటాయన ఆయాసపడుతూ బావ దగ్గరికి వచ్చాడు. "మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ కాల్పులైనయంట. మీ తమ్ముడు గాడ్నే ఉన్నడంట."

బస్సులు లేవు. చీకటి పడితే కర్ఫ్యూ. బావ చక్రం సైకిలుకు బిగించాడు.

"ఇంక ఆరలే బావా," అన్నాను.

"మెల్లగనే పోత," అన్నాడు.

మెల్లగా తొక్కడం ఆయనకు చేతకాదని అక్కకూ నాకూ తెలుసు. వెళ్లేముందు మాత్రం మళ్లీ నొక్కి చూడలేదు.

తెల్లవారినా బావ రాలేదు. అక్క గడప దగ్గర కూర్చుని, అక్కడ పడ్డ జిగురు బొట్టును బొటనవేలితో నొక్కింది.

"ఆరిందే," అన్నది.